మూత వేరు, మాసిక వేరు

మా పడవలో చుక్కాని పట్టుకుని కూర్చుంటే సరిగ్గా ఎదురుగా, కేబిన్ వెనక గోడ మీద, మూడు గుండ్రటి మీటర్లు వరసగా కనిపించేవి. ఒకటి లోతుకి, ఒకటి వేగానికి, ఒకటి గాలికి. పడవ నా చేతికొచ్చేనాటికే మూడూ పనిచెయ్యడం మానేశాయి. అద్దం లోపల చెమ్మ పట్టి, ముల్లు ఒక్కోదాంట్లో ఒక్కోచోట నిలిచిపోయి ఉండేది.

పడవ 1976 నాటిది. రోడ్ ఐలండ్‌లో తయారైంది, 30 అడుగుల పొడవు, ఫైబర్‌గ్లాస్ ఒళ్ళు, తెరచాపలు కట్టే కొయ్య ఒకటి, రెండు తెరచాపలు. నేను కాకినాడ వాణ్ణి. ఉద్యోగం మేరీల్యాండ్‌లో. అన్నాపొలిస్ దగ్గర ఒక చిన్న పాయలో (క్రీక్) పడవ కట్టుకుని, శని ఆదివారాలు చెసపీక్ బే అనే అఖాతంలోకి వెళ్ళొస్తూ ఉంటాను. ఈ వ్యాసం ఆ మూడు మీటర్ల గురించి కాదు. అవి తీసేశాక మిగిలిన బొక్కల గురించి. వాటితో నేను మొదట చేసిన పని గురించి, అది ఎందుకు తప్పో ఇప్పుడు గట్టిగా చెప్పాలనుకోవడం గురించి.

మీటర్లు ఊడదీస్తే ఒక్కొక్కటి 105 మిల్లీమీటర్ల బొక్క. ఒకదానికొకటి మధ్యలో 40 మిల్లీమీటర్ల ఎడం. మరీనాలో, అంటే పడవలు కట్టే రేవులో, చాలామంది చేసేదే నేనూ చేశాను. నల్లటి యాక్రిలిక్ షీటు కొలతకి కోయించి, అంచు చుట్టూ నీళ్ళు ఆపే సిలికోన్ జిగురు పెట్టి, ఎనిమిది స్క్రూలు బిగించాను. పూట పని. చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంది. పక్క పడవ ఆయన వచ్చి చూసి మెచ్చుకుని కూడా వెళ్ళాడు.

మూడో ఏడాది వసంతంలో కేబిన్ తెరిస్తే, ఆ గోడ కింద ఉన్న పరుపు మీద టీ డికాక్షన్ రంగులో మరక. చెయ్యి పెడితే తడి. స్క్రూలు విప్పి షీటు లాగాను. సిలికోన్ ఒకవైపు రబ్బరు తాడులా సాగుతూ లేచొచ్చింది. అంటే అది షీటుని పట్టుకుంది గానీ పడవని ఎప్పుడో వదిలేసింది. బొక్క అంచులో కనిపిస్తున్న చెక్క నల్లగా ఉంది. స్క్రూడ్రైవర్ మొన ఆనిస్తే పిడి దాకా దిగిపోయింది. వానాకాలం మూలన పడేసిన గోనెసంచి వాసన. స్క్రూడ్రైవర్ తిప్పి పిడితో గోడ మీద కొట్టుకుంటూ పోయాను. బాగున్నచోట టక్ టక్ మని ఖణిగా పలికింది. బొక్కల మధ్యలోనూ, వాటి కింద రెండు మూడు వేళ్ళ మేరా మాత్రం దబ్ దబ్ మంది, పుచ్చిన గుమ్మడికాయ మీద కొట్టినట్టు.

ఇది ఎందుకైందో తెలియాలంటే ఆ గోడ లోపల ఏముందో చూడాలి. బయటినుంచి ఫైబర్ లాగే కనిపిస్తుంది గానీ అది మూడు పొరల గోడ. నా పడవలో బయట ఫైబర్ పొర 3 మిల్లీమీటర్లు, మధ్యలో బాల్సా చెక్క 10, లోపలి పొర 2. బాల్సా ఎక్కువగా ఈక్వడార్‌లో పెరిగే చెట్టు, చాలా తేలికైన కర్ర. దాన్ని పలకల్లా కాకుండా అడ్డంగా చిన్న బిళ్ళలుగా కోసి, నార ఒక పొరనుంచి ఇంకో పొరకి నిలువుగా ఉండేలా పేరుస్తారు. అందువల్ల బరువు లేకుండానే గోడకి బిగువు వస్తుంది. ఆ బిగువంతా ఒక షరతు మీద ఆధారపడింది: చెక్కకి నీళ్ళు తగలకూడదు. ఫైబర్ పొరలు రెండూ మూసుకుని ఉన్నంతకాలం తగలవు. ఎవరో ఒకరు మీటరు కోసం గుండ్రటి రంపం పెట్టి కోసిన రోజున ఆ షరతు పోయింది. కోసిన చెక్క అంచుని అలాగే వదిలేసి మీటరు పెట్టారు. ఆ మీటరు వెనకాల ఉన్న రబ్బరు వాషరే ఇన్నేళ్ళూ కాపలా కాసింది. నేను దాన్ని తీసేసి, సిలికోన్ పెట్టి, పైగా ఎనిమిది స్క్రూలతో నీళ్ళకి ఎనిమిది కొత్త దారులు చూపించాను. లోపలికి వెళ్ళిన నీటికి మళ్ళీ బయటికి వచ్చే దారి ఉండదు. ఎండ తగలదు, గాలి తగలదు. అది అక్కడే ఉండి చెక్కని మెల్లగా తినేస్తుంది.

మా మరీనాలో ముప్ఫై ఏళ్ళుగా పడవ నడుపుతున్న పెద్దాయన ఒకాయన ఉన్నాడు. ఆయనతో ఈ విషయం మీద చాలాసార్లు వాదించాను. ఆయన మాట ఇది: పాత పడవ ఖరీదెంత, నువ్వు దాని మీద పోసే శని ఆదివారాల ఖరీదెంత? షీటు బాగా బిగించుకో, పదేళ్ళు ఉంటుంది, వెళ్ళి గాలి పీల్చుకో. ఇందులో నిజం ఉంది. పని చేసుకుంటూ పోయి పడవ నీళ్ళలోకే దింపని వాళ్ళని నేనూ చూశాను. ఆయన చెప్పినదాంట్లో ఎంతవరకు ఒప్పుకుంటానంటే: కోసిన చెక్క అంచుని ముందు ఓ అరంగుళం లోపలికి తొలిచి, ఆ సందులో చిక్కటి ఎపాక్సీ (రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే జిగురు) కూరి, స్క్రూ బొక్కలకీ అదే పని చేసి, సిలికోన్ బదులు బ్యూటైల్ టేపు అనే జిగట రబ్బరు పట్టీ మీద షీటు బిగిస్తే, అది పదేళ్ళు నిలుస్తుంది. వచ్చే ఏడాది అక్కడే కొత్త మీటరు పెట్టే ఉద్దేశం ఉన్నవాళ్ళకి నేనైనా అదే చెబుతాను. కానీ అలా చేసేవాళ్ళు ఎంతమంది? షీటు పెట్టేదే పని తొందరగా అయిపోవాలని. అంచు తొలిచి ఎండబెట్టే ఓపిక ఉన్నవాడు ఎలాగూ సగం దూరం వచ్చేసినట్టే, మిగతా సగం కూడా నడవొచ్చు.

సిలికోన్ మీద నా కోపం దానివల్ల కారినందుకు మాత్రమే కాదు. అది పోయినా దాని జిడ్డు పోదు. ఫైబర్ పైన ఉండే జెల్‌కోట్ అనే నున్నటి పూతలోకి ఇంకి కూర్చుంటుంది. తర్వాత అక్కడ ఎపాక్సీ పట్టదు, పెయింటు వేస్తే గుండ్రంగా విడిపోయి గుంటలు పడుతుంది. సాండ్‌పేపర్‌తో రుద్దితే ఆ జిడ్డుని చుట్టుపక్కలకి ఇంకా పులిమినట్టవుతుంది. ముందు బ్లేడుతో గీకి, సాల్వెంట్ గుడ్డతో తుడిచి, ఆ గుడ్డ పారేసి, కొత్త గుడ్డతో మళ్ళీ తుడిచి, అప్పుడు గ్రైండర్ ముట్టుకోవాలి. నేను వేసిన ఒక్క గీత సిలికోన్‌ని వదిలించుకోవడానికి ఒక శనివారం మొత్తం పట్టింది.

ఇక రెండో రకం సలహా. బొక్కలు ఎలాగూ ఉన్నాయి కదా, వాటిని మింగేసేంత పెద్ద స్క్రీను కొని పెట్టెయ్ అంటారు. ఇది నాకు మొదటిదానికంటే ప్రమాదంగా కనిపిస్తుంది. కొత్త మీటర్ల కొలతలు పాతవాటితో కలవవు. దానికోసం బొక్క ఇంకొంచెం కోస్తారు. పదిహేనేళ్ళకి అదీ పోతుంది, తర్వాతి యజమాని ఇంకొంచెం కోస్తాడు. నా పడవ మీద నాకంటే ముందు నలుగురు యజమానులు ఉన్నారు. నలుగురూ తలో చెయ్యి వేశారు. వెనక వైపు లోరాన్ యాంటెన్నా బిగించిన స్క్రూ బొక్కలు నాలుగు ఉన్నాయి. లోరాన్ అంటే జీపీఎస్‌కి ముందు ఓడలకి దారి చూపించిన రేడియో పద్ధతి. అమెరికా ఆ ప్రసారాల్ని 2010లో ఆపేసింది. యాంటెన్నా కూడా ఎప్పుడో పోయింది. ఆ నాలుగు బొక్కలూ, వాటిల్లోంచి డెక్కులోకి దిగిన నీళ్ళూ మాత్రం ఉన్నాయి. ఏ పరికరమైనా పదీ ఇరవై ఏళ్ళ సరుకు. మంచి ఫైబర్ గోడ యాభై ఏళ్ళు దాటినా నిలుస్తుంది. ఆ స్వల్పకాలపు సరుకు కోసం దీర్ఘకాలపు సరుకుని కోస్తున్నప్పుడు కాస్త ఆలోచించమనే నేను అడిగేది.

అందుకే ఒక ఏడాది అసలేమీ పెట్టకుండా నడిపి చూశాను. దిక్సూచి ఉంది, గాలి వాటం చూపించడానికి తెరచాపకి కుట్టిన ఊలు పోగులు ఉన్నాయి, చెంప మీద గాలి ఉంది. గాలి మీటరు లేని లోటు నాకు ఒక్కరోజూ తెలియలేదు. లోతు మాత్రం తెలిసింది. చెసపీక్ బే అంత పెద్దదైనా సగటు లోతు 21 అడుగులే. మా మావయ్య వాళ్ళు సముద్రం లోతుని బారల్లో చెప్పుకుంటారు. ఆ లెక్కన మూడున్నర బారలు. నా పడవ అడుగు నీళ్ళలోకి 5 అడుగులు దిగుతుంది. ఒడ్డు దగ్గర బురద మేటలు ఎక్కడ మొదలవుతాయో కంటికి కనిపించవు. కాబట్టి లోతు కావాలి. దానికీ బొక్క అక్కర్లేదు. చెక్క లేని గట్టి ఫైబర్ అడుగైతే, లోతు పరికరాన్ని లోపలినుంచే అతికించొచ్చు. దాని శబ్దం ఫైబర్‌ని దాటి కిందికి వెళ్ళి తిరిగొస్తుంది. కొంత బలం తగ్గుతుంది. ఇంత లోతు తక్కువ నీళ్ళలో ఆ తగ్గుదల లెక్కలోకి రాదు.

వేగం మీటరుది వేరే కథ. దానికోసం పడవ అడుగున 51 మిల్లీమీటర్ల బొక్క, అందులో నీళ్ళకి తిరిగే చిన్న చక్రం. వేసవిలో దానికి గుల్లలు పట్టి రెండు వారాలకే బిగుసుకుపోయేది. జీపీఎస్ చెప్పే వేగం నేల మీది వేగం, ఆ చక్రం చెప్పేది నీళ్ళలో వేగం. రెండిటి తేడానే ప్రవాహం. ప్రవాహాలు ఉధృతంగా ఉండే తీరాల్లో తిరిగేవాళ్ళకి ఆ తేడా చాలా ముఖ్యం, వాళ్ళని ఆ బొక్క మూసెయ్యమని నేననను. నేను తిరిగే చోట అంత అవసరం పడలేదు. దాన్నీ మూసేశాను. అక్కడ అడుగు మందం 12 మిల్లీమీటర్లు. నీటిమట్టం కింద బొక్క కాబట్టి, మొదటిసారి కావడంతో, యార్డులో అనుభవం ఉన్న మనిషిని పక్కన నిలబెట్టుకుని చేశాను. ఆ జాగ్రత్త అందరికీ చెబుతాను.

ఇప్పుడు అసలు పనికి వస్తాను.

మా మావయ్య కాకినాడ జగన్నాథపురంలో చాలా ఏళ్ళు ఫైబర్ పడవల పని చేశాడు. మన తీరంలో చెక్క తెప్పల పక్కన ఫైబర్ పడవలు కనిపించడం మొదలైంది 1980ల్లో. ఆ తరం మేస్త్రీల దగ్గర ఆయన పని నేర్చుకున్నాడు. అలల్లోంచి ఒడ్డుకి ఎక్కించేటప్పుడు పడవ అడుగు ఇసకకీ రాయికీ కొట్టుకుని చిట్లుతుంది, వీళ్ళు అక్కడే ఇసకలో తిరగేసి మాసిక వేస్తారు. నా గోడ సంగతి చెప్పి వీడియో కాల్‌లో చూపించాను. ఇక్కడ పొద్దున్న ఏడు, అక్కడ సాయంత్రం నాలుగున్నర. కాసేపు చూసి అన్నాడు:

"ఒరేయ్, అంచు అలా నిటారుగా వదిలేశావేంట్రా? దాని మీద ఫైబర్ గుడ్డ ఎలా నిలబడుద్ది? వాలుగా గీకు. కళ్ళు మూసుకుని చేత్తో తడివితే ఎక్కడ మొదలైందో ఎక్కడ ఆగిందో తెలియకూడదు."

ఆయన చేత్తో చెప్పినదాన్నే ఎపాక్సీ తయారీదారుల పుస్తకాలు అంకెల్లో చెబుతాయి: మందానికి పన్నెండు రెట్ల వాలు. పొర 3 మిల్లీమీటర్లైతే చుట్టూ 36 మిల్లీమీటర్ల మేర పలచబడుతూ పోవాలి. అంటే 105 బొక్క పూడ్చడానికి 177 వెడల్పు గీకాలి. బొక్క పూడ్చాలంటే ముందు దాన్ని పెద్దది చెయ్యాలన్నమాట. చాలామంది ఆగిపోయేది ఇక్కడే. బొక్కకి సరిపడా ముక్క కోసి, చుట్టూ లప్పం కూరి, పైన రుద్దేస్తారు. నిటారు అంచుల మధ్య బిరడాలా నిలబడిన ఆ ముక్కని అంచు పట్టుకున్నది మూడు మిల్లీమీటర్ల మేర మాత్రమే. పడవ అలల మీద నిలకడగా ఉండే వస్తువు కాదు, ప్రతి అలకీ వెంట్రుకవాసి మెలితిరుగుతుంది. ఏడాది తిరిగేసరికి పెయింటులో సన్నటి గుండ్రటి చీలిక కనిపిస్తుంది. ఎక్కడైనా పాత పడవ గోడ మీద ఆ గుండ్రటి చీలిక చూస్తే, కింద బిరడా ఉందని తెలుసుకోండి. వాలుగా గీకితే అతుకు వెడల్పవుతుంది, లాగే బలం దాని మొత్తం మీద పరుచుకుంటుంది.

నా గోడలో చెక్క కుళ్ళింది కాబట్టి నేను ఇంకా ముందుకి వెళ్ళాల్సి వచ్చింది. బయటి పొరని 480 పొడవు, 200 ఎత్తు, మూలలు గుండ్రంగా ఒక్క ముక్కగా కోసి తీశాను. లోపలి పొర అలాగే ఉంచాను. కుళ్ళిన బాల్సా చేత్తోనే ఊడొచ్చింది, పిడికిట్లో పిండితే నీళ్ళు కారాయి. మంచి చెక్క తగిలేదాకా తీసి, ఫ్యాను పెట్టి రెండు వారాలు ఎండనిచ్చాను. తొందరపడాలనిపించింది. పడలేదు.

మావయ్యకీ నాకూ ఒకచోట మాట కలవలేదు. ఆయన జీవితమంతా పాలియెస్టర్ రెసిన్, తరిగిన ఫైబర్ పోగుల మ్యాట్ వాడాడు. ఇక్కడ ఎపాక్సీ వాడతానంటే, "అంత ఖరీదు మందు మా పడవలకి ఎవడు పోస్తాడ్రా" అన్నాడు. కొత్త పడవ పోసేటప్పుడు ఆయనదే సరైన దారి. ఒక పొర పచ్చిగా ఉండగానే ఇంకో పొర వేస్తే పాలియెస్టర్ ఒకదాన్నొకటి కలుపుకుని ఒకటే ఒళ్ళవుతుంది. నలభై యాభై ఏళ్ళ కిందట గట్టిపడిపోయిన గోడకి అలా కలుపుకునే గుణం ఉండదు. దానికి అతుక్కోవడమే మిగిలింది, అతుక్కోవడంలో ఎపాక్సీదే పైచెయ్యి. ఇంకో మెలిక: మామూలు మ్యాట్‌లో పోగుల్ని పట్టి ఉంచే జిగురు పాలియెస్టర్‌లోని స్టైరీన్‌కే కరుగుతుంది. ఎపాక్సీలో ఆ స్టైరీన్ లేదు, కాబట్టి మ్యాట్ సరిగా నానదు, బిరుసుగా లేచి నిలబడుతుంది. ఎపాక్సీకి, పోగుల్ని రెండు దిక్కుల్లో పేర్చి దారంతో కుట్టిన బయాక్సియల్ గుడ్డ కావాలి. ఇది చెబితే మావయ్య రెండోసారి అడిగి మరీ విన్నాడు. ఆయనకి పని మీద ఉన్న ఆ ఆసక్తి నాకు ఎప్పుడూ ముచ్చటే.

నేను వాడిన ఎపాక్సీ రెసిన్ ఐదు పాళ్ళకి హార్డ్‌నర్ ఒక పాలు. గట్టిగా కావాలని హార్డ్‌నర్ ఎక్కువ పోస్తే గట్టిపడదు, జిగటగానే ఉండిపోతుంది. పాలియెస్టర్ అలవాటున్న చేతులు ఇక్కడే పొరబడతాయి. మొదటి రోజు ఒకేసారి పెద్ద కప్పునిండా కలిపేశాను. గుడ్డ పరుస్తూ ఉండగానే కప్పు వేడెక్కి, పొగ మొదలై, ప్లాస్టిక్ మెత్తబడి ఒంగిపోయింది. ఎపాక్సీ గట్టిపడుతూ వేడి పుట్టిస్తుంది, గుట్టగా ఉంటే ఆ వేడి పోయే దారిలేక ఇంకా తొందరగా గట్టిపడుతుంది. తర్వాతనుంచి కొంచెం కొంచెం కలిపి, వెడల్పాటి పళ్ళెంలో పోసుకున్నాను. చేతులకి నైట్రైల్ గ్లౌజులు, గ్రైండర్ పట్టినప్పుడు మంచి రెస్పిరేటర్. ఇందులో రాజీ లేదు. ఎపాక్సీ ఒంటికి తగులుతూ ఉంటే ఒకరోజు ఎలర్జీ మొదలవుతుంది, మొదలైతే ఇక జన్మంతా.

లోపలి పొర బొక్కల మీద ముందు గుడ్డ వేసి, అది గట్టిపడ్డాక కొత్త బాల్సాని చిక్కటి ఎపాక్సీలో కూర్చోబెట్టి, దాని మీద బయటి పొరలు నాలుగు వేశాను. పెద్ద ముక్క ముందా, చిన్న ముక్క ముందా అని పడవలవాళ్ళ మధ్య తెగని తగువు ఒకటుంది. నేను పెద్దది ముందు వేసే పక్షం. గీకిన వాలు మొత్తాన్నీ మొదటి గుడ్డే ఎక్కడా తెగకుండా పట్టుకుంటుంది. ఆఖర్న చదును చేసేటప్పుడు సాండర్ కింద పోయేది పైనున్న చిన్న ముక్కలే. పని సాయంత్రాలే చేశాను. ఎండ ఎక్కుతున్నప్పుడు చెక్క లోపలి గాలి వ్యాకోచించి ఎపాక్సీలోంచి బుడగలుగా లేస్తుంది. చల్లబడుతున్నప్పుడు చెక్కే ఎపాక్సీని లోపలికి పీల్చుకుంటుంది.

మర్నాడు పొద్దున్న దాని మీద చెయ్యి వేస్తే సన్నటి మైనం లాంటి జిడ్డు. కొన్ని హార్డ్‌నర్లతో అది వస్తుంది. దాన్ని తియ్యకుండా రుద్దినా, పెయింటు వేసినా పైది నిలవదు. మంచినీళ్ళు, గరుకు స్పాంజి చాలు, నీళ్ళకే కరుగుతుంది. తర్వాత తేలిక లప్పం, చెక్క దిమ్మకి సాండ్‌పేపర్ చుట్టి రుద్దడం, మళ్ళీ లప్పం. ఎపాక్సీ ఎండకి ఆగదు కాబట్టి పైన ప్రైమరు, రెండు పాళ్ళు కలిపే పాలీయురేథేన్ పెయింటు తప్పనిసరి. పాత తెలుపుకి కొత్త తెలుపు కలపలేకపోయాను. పక్కనుంచి ఎండ పడితే మాసిక మేర ఎంతో కనిపిస్తుంది. కనిపించనీ.

మొత్తం నాలుగు వారాంతాలు, సుమారు ఇరవై ఆరు గంటలు. మొదట షీటు పెట్టడానికి పట్టిన పూటతో పోలిస్తే ఇది ఎక్కువే. ఆ పూట నాకు మిగిల్చిన కుళ్ళుతో పోలిస్తే ఎక్కువ కాదు. అప్పుడే చేసి ఉంటే మూడు గుండ్రటి మాసికలతో, ఇందులో సగం పనితో అయిపోయేది. ఆ గోడకి అవతలివైపు మా అమ్మాయి పడుకుంటుంది. పరుపు మీద మరక చూసిన రోజు నాకు మొదట తట్టింది అదే. తర్వాత తట్టింది, ఈ పడవ నా తర్వాత ఇంకొకరికి వెళ్తుందని, వాళ్ళు ఆ నల్లటి షీటు చూసి నేను మెచ్చుకున్నట్టే మెచ్చుకుని కొనుక్కునేవాళ్ళని.

పెయింటు వెయ్యకముందు ఆదివారం పొద్దున్న మళ్ళీ మావయ్యకి వీడియో చేశాను. రుద్దిన గోడ దగ్గరగా చూపించాను. ఆయన చూపు అక్కడ నిలవలేదు.

"చూపించడం తర్వాత. కొట్టి వినిపించు."

ఫోను గోడకి దగ్గరగా పెట్టి, స్క్రూడ్రైవర్ పిడితో పాత గోడ మీద మొదలుపెట్టి, మాసిక మీదుగా, అవతలి అంచు దాటేదాకా కొట్టుకుంటూ పోయాను. అటునుంచి మాట లేదు. లైన్ తెగిందేమో అనుకున్నాను.

"ఇంకోసారి, మెల్లిగా."

ఇంకోసారి కొట్టాను. ఈ చివరనుంచి ఆ చివరిదాకా ఒకటే టక్ టక్.

"ఆ," అన్నాడు. "రంగు వేసుకో."